సమరయుడు మరునాడు బయలుదేరెను

(ఈ నెల బైబిలు పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:25-37, 1 రాజులు 19:1-18, నిర్గమకాండము 18:13-27, మార్కు 6:30-46, గలతీయులకు 6:1-10.



కనికరము చూపవలెనని మనకు బోధించువారు అనేకులు గలరు. ఆ బోధ సత్యమే. కాని కనికరము చూపి చూపి అలసిపోయినవానికి ఏమి చెప్పవలెనో చెప్పువారు కొద్దిమంది. వాడు సంఘములో ఒక మూలను కూర్చుండి, తనలో ప్రేమ తగ్గిపోయినదని తన్ను తానే నిందించుకొనుచుండును. ఈ నెల పాఠములో మేము అట్టివారిని తలంచుకొని వాక్యమును పరిశీలింపగోరుచున్నాము. మన ప్రాంతమున ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. అనేక గృహములలో ప్రతిదినము ఎదురగుచున్న ప్రశ్న.

1. మన త్రోవలో పడియున్నవాడు

టెక్కలి ప్రక్కనున్న మన రావివలసనుండి పలాస దాటి వెళ్లినయెడల ఉద్దానము వచ్చును. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములలోని ఆ తీరభూమి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా నుండును. ఉద్యానమను మాటనుండియే ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. అంత చల్లని నేలయందు మూత్రపిండముల వ్యాధి అనేక సంవత్సరములనుండి గృహము తరువాత గృహమును పట్టుచున్నది. మధుమేహముగాని రక్తపోటుగాని లేని కష్టజీవులకును, నడివయస్సు వారికిని ఈ వ్యాధి వచ్చుచున్నది. త్రాగునీటిని పరీక్షించిరి, మట్టిని పరీక్షించిరి. పురుగుమందులను, ఎండలో నీరు చాలక చేయు కష్టమును, నొప్పి మాత్రలను అనుమానించిరి. ఇదియే కారణమని నేటివరకు నిశ్చయముగా తేలలేదు. శ్రీలంక దేశపు ఉత్తర మధ్య భాగమందలి వరిరైతులలోను, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలివారిలోను ఇటువంటి వ్యాధియే కనబడుచున్నది.

సహాయము రాలేదని చెప్పరాదు. పలాసలోను, సోంపేటలోను, టెక్కలిలోను డయాలసిస్ యంత్రములు వచ్చెను. డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలాయెను. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును ప్రారంభమాయెను; హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును ఆ దినముననే ప్రారంభించిరి. వీటన్నిటికొరకు దేవునికి స్తోత్రము.

అయితే యంత్రము రక్తమును శుద్ధి చేయునుగాని రోగిని ఇంటినుండి తీసికొని రాదు. డయాలసిస్ ఒక్కొక్క పర్యాయము సుమారు నాలుగు గంటలు పట్టును. వారమునకు రెండు మూడు పర్యాయములు వెళ్లవలెను. ఈ వారము వెళ్లితిమి గనుక వచ్చు వారము మానుదమనుటకు వీలులేదు. మూత్రపిండము మార్పిడి జరిగిననే తప్ప జీవితాంతము వెళ్లవలసినదే. రోగితోకూడ ఒకరు వెళ్లవలెను. ఆ ఒకరు భార్యయైనయెడల ఆనాటి జీడిపిక్కల కూలి పోయెను. కొడుకులు చెన్నపట్నమునకో, హైదరాబాదునకో, విశాఖపట్నమునకో పనికి పోయియుందురు. ఆమె తెల్లవారకముందే లేచి వండి, ఆటో ఎక్కించి, ఆసుపత్రి వసారాలో కూర్చుండి, చీకటిపడువేళకు తిరిగి వచ్చును. వారము వెంబడి వారము, ఏడు వెంబడి ఏడు ఇంతే.

అట్టి ఇండ్లకు ప్రార్థనకై వెళ్లినప్పుడు మేము వినుచున్న మాట యేమి? ధనము కావలెనని కాదు. "అయ్యగారూ, ఎవులో ఒకలొచ్చి ఆయన కాడ ఒక గంట కూకుంటే సాలు. నాను కూసింత తొంగుంతాను." ఇంతే. ఒక గంట నిద్ర. ఈ మాటను మనస్సులో నుంచుకొని వాక్యమును తెరచుదము.

2. ఆ రాత్రియు, మరునాడును

మంచి సమరయుని కథ మనకందరికి కంఠస్థమే. యెరూషలేమునుండి యెరికోకు దిగివెళ్లు త్రోవలో గాయపడినవానిని యాజకుడు చూచి ప్రక్కగా పోయెను. లేవీయుడును అట్లే పోయెను. సమరయుడు దగ్గరకు వచ్చెను, గాయములు కట్టెను, నూనెయు ద్రాక్షారసమును పోసెను, తన వాహనముమీద ఎక్కించి పూటకూళ్లవాని ఇంటికి తెచ్చి పరామర్శించెను. మనలో అనేకులు ప్రసంగమును ఇంతటితో ముగించి, మీరును అట్లే చేయుడని చెప్పుదురు.

కాని ప్రభువు కథను అంతటితో ముగింపలేదు. 35వ వచనమును నిదానముగా చదువుడి. మరునాడు ఆ సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవానికిచ్చి, ఇతనిని చూచుకొమ్మని అప్పగించి, అధికముగా ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట ఇచ్చెను. తిరిగి వచ్చెదనని చెప్పినవాడు బయలుదేరుచున్నవాడే గదా! అతనికి ఒక ప్రయాణము కలదు. దానిని అతడు ఒక రాత్రి ఆపెనుగాని మానుకొనలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. యాజకుడును వెళ్లెను, సమరయుడును వెళ్లెను. వెళ్లుటయే పాపమైనయెడల ఇద్దరును పాపులే. యాజకుడు గాయము కట్టకముందు వెళ్లెను. సమరయుడు గాయము కట్టి, మరియొకని చేతిలో పెట్టి, సొమ్ము చెల్లించి, మరల వచ్చెదనని చెప్పి వెళ్లెను. మొదటిది విడిచిపెట్టుట, రెండవది అప్పగించుట. ఈ రెంటికి భేదము తెలియకపోవుటచేతనే మనలో మంచివారు నలిగిపోవుచున్నారు. ఒక్క పూట ఇంటియొద్ద నుండిపోయినను ఆ రోగిని విడిచిపెట్టితిమేమోయని భయపడుచున్నారు. సమరయుని చూచి వారు ధైర్యము తెచ్చుకొనవలెను.

రెండు దేనారములన్నను కొద్దిపాటి సొమ్ము కాదు. మత్తయి 20వ అధ్యాయమునుబట్టి ఒక దేనారము ఒక దినపు కూలి. అతడు రెండు దినముల కూలి ఇచ్చెను, మిగిలినదానికి పూచీపడెను. తనకున్న సమస్తమును అక్కడ కుమ్మరింపలేదు. కాబట్టి అతని కనికరమునకు ఒక కొలత ఉన్నది. కొలత యున్నంతమాత్రమున అది కనికరము కాకపోలేదు. ప్రభువు దానినే మనకు మాదిరిగా నుంచెను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరి తీరమును తాకినప్పటి సంగతి మీకు జ్ఞాపకమున్నది. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగెను. కరెంటు లేదు, త్రాగునీరు లేదు. ఆ దినములలో బియ్యమున్నవారు వండిరి, లేనివారు వడ్డించిరి. ఎవరును గంటలు లెక్కపెట్టలేదు. అది సమరయుని రాత్రివంటిది. అట్టి రాత్రి వచ్చినప్పుడు నిద్ర మానుకొనవలసినదే. అయితే పడిపోయిన కొబ్బరితోట స్థానములో క్రొత్త మొక్క నాటినయెడల కాపునకు ఏండ్లు పట్టును. మూత్రపిండముల వ్యాధియు ఏండ్ల తరబడి యుండును. గాలివాన దినములలో చూపు కనికరమును ఏండ్ల తరబడి అదే వేగముతో ఒక్కరే చూపవలెనన్నయెడల మానవమాత్రునికి సాధ్యము కాదు. ఏండ్ల కష్టమునకు మరునాటి యేర్పాటు కావలెను.

3. బదరీవృక్షము క్రింద ఏలీయా

అలసట విశ్వాసహీనులకు మాత్రమే వచ్చునని తలంచువారు 1 రాజులు 19వ అధ్యాయమును చదువవలెను. కర్మెలు పర్వతముమీద అగ్ని దిగివచ్చుట కన్నులార చూచిన ప్రవక్త, కొన్ని దినములకే అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. 3వ వచనము ప్రకారము అతడు తన దాసుని బెయేర్షెబాలో విడిచి ఒంటరిగా వెళ్లెను. అలసినవాడు మొదట చేయు పని ఇదియే: తోడుగానున్నవానిని దూరము చేసికొనును.

దేవుడు అతనికి ఏమి చేసెనో వరుసగా చూడుడి. మొదట గద్దింపలేదు, నిద్రపోనిచ్చెను. తరువాత దూత తట్టి లేపి, కాల్చిన అప్పమును నీళ్లను చూపెను. తిని త్రాగి మరల పండుకొనెను. రెండవసారి లేపి, త్రోవ నీకు మించినదని చెప్పి మరల తినిపించెను. ఇవన్నియు అయిన తరువాతనే హోరేబులో మెల్లని స్వరము. మనము దీనిని తలక్రిందులు చేయుచున్నాము. అలసినవానికి ముందు ప్రసంగము చేయుదుము. అన్నము సంగతి తరువాత చూతుము.

హోరేబులో ఏలీయా రెండుసార్లు చెప్పిన మాట, నేను ఒక్కడనే మిగిలితినని. అది అతని అలసటలోనుండి వచ్చిన మాట. దేవుడు దానికి రెండు ప్రత్యుత్తరములిచ్చెను. ఒకటి, బయలునకు మోకాలూనని 7,000 మంది ఉన్నారు. రెండవది, ఎలీషాను అభిషేకింపుము. అనగా నీవు ఒక్కడవే కావు. నీ తరువాత పని ఆగిపోదు. సేవచేయువాడెవడైనను నేను లేనిదే జరుగదని తలంచుట మొదలుపెట్టినప్పుడు, అది భక్తివలె కనబడినను బదరీవృక్షపు నీడయేయని గ్రహింపవలెను.

లోకములోని వైద్యులును ఈ అలసటను గుర్తించిరి. న్యూయార్కు నగరములో బీదలకు ఉచితముగా వైద్యముచేయు శాలలో పనిచేసిన ఫ్రాయిడెన్‌బర్గరు అను మనశ్శాస్త్రజ్ఞుడు, ఇష్టపూర్వకముగా సేవచేయ వచ్చినవారే కొంతకాలమునకు లోలోపల కాలిపోవుట చూచి 1974లో దానినిగూర్చి వ్రాసెను. దానికి ఇంగ్లీషులో బర్నౌట్ అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో దీనిని వ్యాధిగా గాక, పనివలన కలుగు స్థితిగా వర్ణించి మూడు గుర్తులు చెప్పెను: శక్తి ఉడిగిపోవుట, చేయుపనినుండి మనస్సు దూరమై విసుగు పుట్టుట, చేసినది ఏమియు ఫలించుట లేదని తోచుట. దీపములో నూనె అయిపోయినప్పుడు వత్తి తన్ను తానే కాల్చుకొనును. అప్పుడు వెలుగు తగ్గి పొగ హెచ్చును.

ఆ పొగ మన ఇండ్లలో ఎట్లు కనబడును? ఫలానివారి ఇంటినుండి ఫోను మ్రోగగానే గుండె దిగులుపడును. రోగియెదుట మెత్తగా మాటలాడి, ఇంటికి వచ్చి పిల్లలమీద కోపపడుదుము. ఒకప్పుడు కన్నీరు తెప్పించిన సంగతి ఇప్పుడు చెవికి సోకిపోవును. ప్రార్థనలో పేర్లు చదువుదుముగాని మనుష్యులు మనస్సులో మెదలరు. ఇవి కనబడినయెడల నా ప్రేమ చచ్చిపోయెనని తీర్పు తీర్చుకొనవద్దు. నూనె అయిపోయినదని గ్రహించి, ఏలీయావలె తినుడి, నిద్రించుడి, తోడు వెదకుడి. నిద్రపట్టని రాత్రులు విడువక వచ్చినను, బ్రదుకు మీద ఆశ పోయినట్లు తోచినను వైద్యుని యొద్దకు వెళ్లుడి. ఏలీయాకు అప్పము పంపిన దేవుడే వైద్యునికిని జ్ఞానమిచ్చెను.

4. యిత్రో చెప్పిన ఆలోచన

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్కడే కూర్చుండి జనులకు న్యాయము తీర్చుచుండెను. అతని మామయైన యిత్రో చూచి, ఇది మంచిపని కాదనెను. నీవును నలుగుదువు, నీతోనున్న జనులును నలుగుదురనెను. ఈ రెండవ మాట మనము మరచుచున్నాము. ఒక్కడే మోయుటవలన మోయువాడు మాత్రమే గాక, మోయబడువాడును నష్టపడును. వసారాలో వరుసగా నిలిచి వాడి వంతు రాక సాయంకాలమైపోవును. అలసినవాని చేతిలో రోగికి ఆలస్యము, విసుగు, పొరపాటు తప్పవు. కాబట్టి విశ్రాంతి తీసికొనుట రోగికికూడ మేలే.

యిత్రో చూపిన ఉపాయము వేయిమందికి ఒకడు, నూరుమందికి ఒకడు, ఏబదిమందికి ఒకడు, పదిమందికి ఒకడు. చిన్న భారములు చిన్న చేతులకు, పెద్దవి మోషేకు. 17వ అధ్యాయములో ఇదే మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోనును హూరును ఇరుప్రక్కల నిలిచి ఆదుకొనిరి. మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. ఒక్కడే మోసినయెడల వాడు వీధి దాటకమునుపే కూలబడియుండును, ఇంటికప్పు వరకు చేరుట కల్ల.

ఈ వంతుల పద్ధతి మన దేశములోనే ఒకచోట గొప్పగా వర్ధిల్లెను. కేరళలోని కోళిక్కోడులో 1993లో నొప్పితో బాధపడు దీర్ఘరోగుల ఉపశమనమునకై ఒక సంఘము పుట్టెను. తరువాత మలప్పురము మొదలైన చోట్ల ఇరుగుపొరుగువారే, వైద్యులు నర్సుల తోడ్పాటుతో, మంచము పట్టినవారిని ఇండ్లకు వెళ్లి చూచుట మొదలుపెట్టిరి. అందు చేరువారిని కోరినది వారమునకు కనీసము రెండు గంటలు, కొంత శిక్షణ. రెండే గంటలు! నీ జీవితమంతయు ఇమ్మని అడిగియుండినయెడల ఎంతమంది వచ్చియుందురు? రెండు గంటలడిగిరి గనుక కూలివారు, విద్యార్థులు, గృహిణులు వచ్చిరి. వారు వచ్చిరి గనుక రోగియొద్ద ఎల్లప్పుడు ఎవరో ఒకరుండిరి.

మన జిల్లాలోనే మరియొక సాదృశ్యము కలదు. సోంపేటలోని ఆరోగ్యవరము ఆసుపత్రిలో కెనడా మిషను వైద్యుడు బెన్ గలిసన్ గారు కండ్లకు శస్త్రచికిత్సలు చేయుచుండిరి. కాల్గరీ పట్టణపు వ్యాపారస్థుడైన ఆర్ట్ జెన్కిన్స్ గారు ఆయన పనినిగూర్చి విని, దానికి ధనసహాయము చేయుటకై 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను మొదలుపెట్టిరి. ఒకరు సోంపేటలో కత్తి పట్టిరి. ఒకరు సముద్రములకు ఆవల సంచి పట్టిరి. గలిసన్ గారు ధనముకొరకు తిరుగుచుండినయెడల కండ్లు ఎవరు చూతురు? జెన్కిన్స్ గారు కత్తి పట్టినయెడల సంగతి చెప్పనక్కరలేదు. పూటకూళ్లవాని పని ఒకటి, దేనారములిచ్చువాని పని ఒకటి. మనలో ప్రతివాడును తనకు ఏ పని యియ్యబడెనో తెలిసికొనవలెను.

5. భారము, బరువు

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో అపొస్తలుడు 2వ వచనమున ఒకరి భారములు ఒకరు మోయవలెననియు, 5వ వచనమున ప్రతివాడు తన బరువు తానే మోసికొనవలెననియు చెప్పుచున్నాడు. ఇవి ఒకదానికొకటి విరుద్ధమా? కావు. గ్రీకు భాషలో ఇవి రెండు వేరు మాటలు. మొదటిది ఒకనికి మించిన భారము. రెండవది ప్రయాణికుడు తన వీపున తగిలించుకొను మూటవంటిది. కొండరాయి దొర్లి మీద పడినయెడల నలుగురు కలిసి లేవనెత్తవలెను. ఎవని చేతిసంచి వాడు పట్టుకొనవలెను.

ఈ భేదము తెలియనియెడల రెండు కీడులు కలుగును. రాయి పడినవానిని నీ సంచి నీవే మోసికొమ్మని చెప్పుట కఠినత్వము. సంచి మోయగలవాని చేతినుండి దానిని లాగికొనుట అవమానము. డయాలసిస్‌కు పోవుచున్న సహోదరునికి దారిఖర్చు, తోడు, కష్టకాలములో బియ్యము: ఇవి భారములు. కాని తన మాత్రలు వేళకు వేసికొనుట, నీళ్లు ఉప్పు కొలతగా పుచ్చుకొనుట, తన యింటి సంగతులలో తానే తీర్మానము చేయుట అతని బరువు. అతనిని పసివానిగా ఎంచి సమస్తము మనమే చేయుట మనలను అలయించును, అతని గౌరవమునుకూడ తీసివేయును.

అడుగక చేయు మేలు కొన్నిసార్లు కీడగును. మన ప్రాంతమున రోగిని చూడబోవునప్పుడు కొబ్బరిబొండములు తీసికొనిపోవుట మర్యాద. ఇతర జ్వరములకు అది మంచిదే. కాని మూత్రపిండములు చెడినవానికి కొబ్బరినీళ్లు అపాయకరము. వాటిలోని పొటాషియము దేహములో నిలిచిపోయి గుండెను ఆపగలదు. పనసతొనలును అంతే. ప్రేమతో తెచ్చినవే గదాయని రోగి కాదనలేక త్రాగును. కాబట్టి సమరయునివలె దగ్గరకు వచ్చి చూడుడి, "బావా, ఏమి తినమన్నారు, ఏమి వద్దన్నారు?" అని అడుగుడి. అడిగి చేసినయెడల మన శక్తియు వృథా కాదు, వాని ప్రాణమునకు హానియు రాదు.

6. ప్రభువే మనకు మాదిరి

ఇట్లు కొలతలు, వంతులు చెప్పుచున్నయెడల కనికరము లెక్కల పుస్తకమైపోదా యని కొందరు అడుగవచ్చును. మార్కు 6వ అధ్యాయమును చదువుడి. శిష్యులు పరిచర్యనుండి తిరిగివచ్చిరి. వచ్చిపోవువారి సందడిలో భోజనము చేయుటకైనను వారికి సమయము లేకపోయెను. ప్రభువు వారిని ఏకాంతస్థలమునకు విశ్రాంతికై పిలిచెను. అయితే వారు దోనె దిగునప్పటికే జనసమూహము అక్కడికి చేరెను. ప్రభువు వారిమీద కనికరపడెను, బోధించెను, 5,000 మంది పురుషులకు ఆహారము పెట్టెను. కాబట్టి మన విశ్రాంతి, ఆకలిగొన్నవానిని తలుపు బయట నిలువబెట్టు గడియ కాదు.

కాని అధ్యాయమును అక్కడ విడువక 45, 46 వచనములుకూడ చదువుడి. జనులు తృప్తిపొందగానే ప్రభువు శిష్యులను దోనె ఎక్కించి పంపెను, సమూహమును పంపివేసెను, తాను ప్రార్థించుటకు కొండకు వెళ్లెను. ఉదయము దొరకని ఏకాంతమును రాత్రి వెదకి సంపాదించెను. సమూహమును పంపివేయుట ఎరిగిన ప్రభువు మనకున్నాడు. మొదటి అధ్యాయములోను అందరును నిన్ను వెదకుచున్నారని పేతురు చెప్పినప్పుడు, ఆయన ఆ ఊరికి తిరిగి రాక ఇతర గ్రామములకు వెళ్లెను. అందరి కోరికయు ఆయనకు ఆజ్ఞ కాలేదు. తండ్రి చిత్తమే ఆజ్ఞ.

మరియొక భారమును ఇక్కడ దింపవలసియున్నది. మనము చేసిన పరామర్శకు అందరును బ్రదుకరు. నెల క్రిందట చేయి పట్టుకొని ప్రార్థించినవాని పడకమీద ఈ నెల మరియొకడుండును. వ్యాధికి కారణమైనను ఇంకను తెలియలేదు. చేసినదంతయు నీటిలో పోసినట్లున్నదని మనస్సు క్రుంగును. పనికంటె ఈ దుఃఖమే మనుష్యుని ఎక్కువగా అలయించును. ప్రభువు లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచెను, మనమును ఏడ్వవలెను. సమాధి కార్యక్రమము ముగిసిన మరునాడే మరియొక రోగి యింటికి పరుగెత్తుట బలము కాదు. ఏడ్చి, ఆ సహోదరుని పేరు చెప్పుకొని, దేవునికి అప్పగింపుడి. పౌలు నాటెను, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు. స్వస్థపరచు పని మనకు అప్పగింపబడలేదు. వాని ప్రక్కన కూర్చుండు పని మనది.

7. మన సంఘములు చేయదగినవి

వాక్యమును విని ఊరకుండుట తగదు గనుక, ఈ నెలలోనే మొదలుపెట్టదగిన కొన్ని సంగతులు చెప్పుచున్నాము.

మొదటిది, ఒక్కొక్క దీర్ఘరోగికి నాలుగు పేర్లు. ఆదివారము ఆరాధన తరువాత పెద్దలు కూర్చుండి, డయాలసిస్‌కు తోడు వెళ్లువారి వంతుల పట్టిక వ్రాయవలెను. నలుగురున్నయెడల ఒక్కొక్కరికి వారమున ఒక్క పూటకంటె ఎక్కువ రాదు. పక్షవాయువుగలవాని నలుగురిని జ్ఞాపకము చేసికొనుడి.

రెండవది, రోగిని మాత్రమే గాక రోగిని చూచువారినికూడ పరామర్శింపవలెను. ఇంటికి వెళ్లినప్పుడు "మావయ్యకెట్లున్నది?" అని అడిగి ఊరకుండక, "అత్తా, నీవు నిద్రపోయి ఎన్నాళ్లయినది?" అని అడుగుడి. ఆమెకు వారమున ఒక మధ్యాహ్నము విడుదల ఇయ్యుడి. ఆ గంట ఆమె నిద్రించినను, తలంటుకొన్నను, పుట్టింటికి పోయివచ్చినను ప్రశ్నింపవద్దు.

మూడవది, స్త్రీల సమాజములో పిడికెడు బియ్యము తీయు వాడుకను ఈ పనికి వినియోగింపవచ్చును. వండునప్పుడు తీసిన పిడికెడు ఎవరిని బీదచేయదు. అన్ని ఇండ్లవి కలిసినయెడల ఒక కుటుంబపు ఆటో బాడుగ వచ్చును. ఇవి మన రెండు దేనారములు. దూరదేశములలో పనిచేయు మన పిల్లలు సొమ్ము పంపగలరు. ఊరిలోనున్నవారు తోడు వెళ్లగలరు. ఎవరి వంతు వారిదే, ఏదియు తక్కువ కాదు.

నాలుగవది, వంతు తప్పించుకొనువానిని నిందింపక, అలసినవానిని పేరుపెట్టి విడుదల చేయవలెను. ఎపఫ్రొదితు రోగియై చావునకు సిద్ధమైనప్పుడు, పౌలు అతని సహాయము తనకు ఎంత అవసరమైనను ఫిలిప్పీకి తిరిగి పంపెను. అట్టివారిని ఘనపరచుడని వ్రాసెను. అతడు పని విడిచి వచ్చెనని ఎవరును అనకూడదనియే ఆ మాట వ్రాసియుండును. మన పెద్దలును ఒక సహోదరిని పిలిచి, అమ్మా, నీవు రెండేండ్లు చేసితివి, ఈ మూడు నెలలు కూర్చుండుము, మరల వత్తువుగాని యని చెప్ప నేర్వవలెను.

అయిదవది, కాపరులును ఈ ఆజ్ఞ క్రిందనే యున్నారు. మావంటివారికి ఏ గడియ పిలుపు వచ్చునో తెలియదు. అందుచేతనే సంఘము తన కాపరికి వారములో ఒక దినము నియమించి, ఆ దినమున పిలుపులకు పెద్దలు వెళ్లునట్లు ఏర్పాటు చేయవలెను. మోషేకు యిత్రో కావలసివచ్చినప్పుడు మనమెంతటివారము?

ముగింపు మాట

ప్రియులారా, ఆ గాయపడినవాని సంగతి ఆలోచింపుడి. సమరయుడు బయలుదేరిన ఉదయమున అతడు త్రోవలో లేడు. పైకప్పు క్రింద ఉన్నాడు, గాయములకు కట్టు ఉన్నది, చూచుకొనుటకు ఒకడున్నాడు, ఖర్చునకు సొమ్మున్నది, మరల వచ్చెదనన్న మాట ఉన్నది. పలాస ఆసుపత్రి వసారాలో కూర్చున్న మన సహోదరికి ఇవన్నియు ఉన్నవా? లేనియెడల అది ఆమె ప్రేమలోని కొరత కాదు. మనము మన వంతు తీసికొనకపోవుటయే. వచ్చు ఆదివారము ఆ పట్టికలో మీ పేరు వ్రాయుడి. ఒక్క పూటకే వ్రాయుడి. కాని ఆ పూట తప్పక వెళ్లుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

(1) యాజకుడు వెళ్లుటకును సమరయుడు వెళ్లుటకును గల భేదమేమి?

(2) దేవుడు ఏలీయాను బలపరచిన వరుస ఏది? అలసినవారియెడల మన ఇంటిలో ఆ వరుసను పాటించుచున్నామా?

(3) మనమెరిగిన ఒక రోగి సంగతిలో భారమేది, అతని స్వంత బరువేది?

(4) మన సంఘములో దీర్ఘరోగిని ఒంటరిగా చూచుచున్నవారెవరు? వారికి ఈ వారము ఒక గంట ఎవరు ఇయ్యగలరు?

ప్రార్థనాంశములు: ఉద్దానములోని రోగులకొరకు, వారిని చూచు భార్యలు, తల్లులు, కుమార్తెలకొరకు, వైద్యులు, నర్సులకొరకు, వ్యాధికి కారణము వెదకువారికి వెలుగు కలుగుటకొరకు, మనము మన వంతు ఎరిగి దానిని సంతోషముతో నెరవేర్చుటకొరకు.